3000 మీటర్లలో ఫస్ట్ వచ్చింది సరే, ఆ గెలుపును రికార్డుకు ఎక్కించేదెలా?

మీట్ల సీజన్ ముగిసిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. "సార్, మా పాప జిల్లాలో ఫస్ట్, స్టేట్‌లో ఫస్ట్. తీరా కౌన్సెలింగ్‌కి వెళ్తే ఈ సర్టిఫికెట్ చెల్లదంటున్నారు." పతకం ఇంట్లో గోడకు వేలాడుతూనే ఉంటుంది. కాగితం తీసి చూస్తే పేరు ఒక రకంగా, పుట్టిన తేదీ ఇంకో రకంగా ఉంటాయి. కింద సంతకం ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఇరవై ఏళ్లకు పైగా పీఈటీగా పిల్లల్ని పరిగెత్తించాను. మొదట్లో నేనూ పరుగు ఒక్కటే చూసుకున్నాను, కాగితాలు పట్టించుకోలేదు. దాని ఫలితం ఏమిటో కింద చెబుతాను. ఈ రాతలో శిక్షణ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. 17 ఏళ్లలోపు విభాగంలో 3000 మీటర్లు పరిగెత్తే హైస్కూల్ అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని, ఎంట్రీ ఫారం దగ్గర మొదలుపెట్టి ఫైలు కట్టే దాకా వరుసగా చెబుతాను. అబ్బాయిలకైనా, 1500 మీటర్లకైనా ఇదే వరుస.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఏ దారిలో పరిగెడుతున్నారు?

మన దగ్గర హైస్కూల్ పిల్లలకు గుర్తింపు ఉన్న దారులు ప్రధానంగా రెండు.

మొదటిది బడి దారి. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆపైన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా జరిపే జాతీయ పోటీలు. మనం ఎస్‌జీఎఫ్ మీట్ అనేది దీన్నే. ఇందులో 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలు ఉంటాయి. ఎంట్రీ స్కూలు నుంచే వెళ్లాలి, హెడ్మాస్టర్ సంతకం ఉండాలి.

రెండోది అసోసియేషన్ దారి. జిల్లా అథ్లెటిక్స్ అసోసియేషన్, దాని మీద రాష్ట్ర అసోసియేషన్, అన్నిటి పైన అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. నిడ్‌జామ్ అని పిలిచే జాతీయ అంతర్ జిల్లాల జూనియర్ మీట్ ఈ దారిలోదే. అక్కడ విభాగాలు 14, 16 ఏళ్లలోపు. తర్వాత 18, 20 ఏళ్లలోపు జాతీయ పోటీలు వస్తాయి.

రెండు దారుల రికార్డులు రెండు వేర్వేరు ఆఫీసుల్లో ఉంటాయి. ఎస్‌జీఎఫ్‌లో గెలిచిన సంగతి అసోసియేషన్ పుస్తకంలో ఉండదు, అక్కడిది ఇక్కడ ఉండదు. ఒకరిచ్చిన సర్టిఫికెట్‌లో తప్పుంటే ఇంకొకరు దిద్దలేరు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తప్పు గుమ్మం తడతారు.

మూడో రకం ఇంకొకటి ఉంది. ఫీజు కట్టించుకుని గోవాకో నేపాల్‌కో తీసుకెళ్లి, పెద్ద బంగారు రంగు సీలు వేసిన సర్టిఫికెట్ ఇచ్చే మీట్లు. పేరులో 'నేషనల్', 'ఇంటర్నేషనల్', 'ఇండియా' అన్నీ ఉంటాయి. డబ్బు కట్టే ముందు నిర్వాహకుల్ని మూడు ప్రశ్నలు అడగండి:

- మీ సంస్థకు అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అనుబంధం గానీ, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అనుమతి గానీ ఉందా? ఉంటే లెటర్ చూపించగలరా?
- దీనికి ముందు రాష్ట్రంలో సెలక్షన్ ఎప్పుడు, ఎక్కడ జరిగింది?
- ఈ సర్టిఫికెట్ ఆధారంగా ఫారం-2 గానీ ఫారం-4 గానీ ఎవరిస్తారు? (ఈ ఫారాలేమిటో ఏడో భాగంలో చెబుతాను.)

మూడో ప్రశ్నకు తడబడితే ఆ డబ్బుతో పిల్లకు మంచి స్పైక్స్ కొనండి. సెలక్షనే లేకుండా రాష్ట్రం తరఫున ఆడిస్తామన్నారంటే ఇక అడగాల్సిందేమీ లేదు.

2. పరుగుకు నెల ముందు: పేరు, పుట్టిన తేదీ

నా దగ్గరకు వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. పిల్ల ట్రాక్ మీద అడుగు పెట్టకముందే సర్టిఫికెట్‌లో తప్పు పడిపోయి ఉంటుంది.

పేరు సంగతి చూడండి. మన ఇళ్లలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా రాస్తారు, ఒకచోట పొడి అక్షరంతో సరిపెడతారు, ఒకచోట చివర తగిలిస్తారు. లక్ష్మి అన్న పేరుకు ఇంగ్లిష్‌లో కేఎస్‌హెచ్ రాసేవాళ్లు ఉన్నారు, ఎక్స్ రాసేవాళ్లూ ఉన్నారు. స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉందంటే, మీట్‌లో రాసుకునేవారు చేతికి దొరికింది వేస్తారు. రేపు పదో తరగతి మెమోలో ఏ అక్షరాలు పడతాయో అవే అక్షరాలు ఇవాళ ఎంట్రీ ఫారం మీద ఉండాలి. అడ్మిషన్ రిజిస్టర్ ప్రకారమే మెమో వస్తుంది కాబట్టి హెచ్‌ఎం గారిని అడిగి ఆ పేజీ ఒకసారి కళ్లతో చూసుకోండి.

పుట్టిన తేదీ ఇంకా చిక్కు. మన ఊళ్లలో ఒకప్పుడు బడిలో వేసేటప్పుడు పంతులుగారే ఒక జూన్ తేదీ వేసేసేవారు, అయిదేళ్లు నిండినట్టు లెక్క సరిపోవడానికి. ఒక క్లాసులో సగం మంది జూన్‌లో పుట్టడం నేను చూశాను. జనన ధ్రువపత్రంలో అసలు తేదీ వేరే ఉంటుంది. ఈ రెండూ కలవకపోతే రాష్ట్ర స్థాయి దాకా ఎవరూ అడక్కపోవచ్చు. జాతీయ స్థాయికి వెళ్లేసరికి పట్టుకుంటారు.

చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పిల్లకు పదమూడేళ్లు వచ్చాక తీసిన ధ్రువపత్రాన్ని వయసు పరిశీలించేవాళ్లు అనుమానంగానే చూస్తారు. అనుమానం వస్తే ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కకట్టే టీడబ్ల్యూ-3 పరీక్షకు పంపుతారు. అందులో వయసు ఎక్కువ తేలితే పతకం ఒక్కటే పోదు, నిషేధం కూడా పడవచ్చు. వయసు తగ్గించి ఆడిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది సలహా కాదు, మోసం.

అసోసియేషన్ దారిలో వెళ్లేవాళ్లకు ఇంకో పని ఉంది. అథ్లెటిక్స్ ఫెడరేషన్ దగ్గర రిజిస్టర్ అయి యూఐడీ నంబరు (ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఆధార్ కాదు) తెచ్చుకోవాలి. ఆఖరి రోజు నెట్ సెంటర్‌లో కూర్చుని కంగారుగా కొడితే తప్పులు పడతాయి. ఆ తప్పులే తర్వాత ప్రతి మీట్‌కూ వెంట వస్తాయి.

మీట్‌కు ముందు సిద్ధంగా ఉండాల్సినవి:

- జనన ధ్రువపత్రం ఒరిజినల్, రెండు జిరాక్సులు
- ఆధార్ (పేరు, తేదీ బడి రికార్డుతో కలుస్తున్నాయో చూశాకే)
- హెచ్‌ఎం సంతకం, స్కూల్ సీలు, అడ్మిషన్ నంబరు ఉన్న బోనఫైడ్
- ఫొటో అంటించిన ఎంట్రీ ఫారం. ఫొటో మీద సగం, కాగితం మీద సగం పడేలా సీలు
- ఆ ఎంట్రీ ఫారం నింపాక ఫోన్‌లో తీసిన ఫొటో
- ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఇచ్చిన వయసు కటాఫ్ తేదీ

చివరి నుంచి రెండోదాన్ని చిన్నదిగా చూడకండి. రేపు సర్టిఫికెట్‌లో తప్పు వస్తే "మేం సరిగ్గానే రాసిచ్చాం" అని చూపించడానికి అదొక్కటే ఆధారం.

3. ట్రాక్ మీద: ల్యాపులు, చెస్ట్ నంబరు, టైము

వంద మీటర్లలో ఎవరు గెలిచారో కళ్ల ముందే తెలుస్తుంది. దూరపు పరుగులో అలా కాదు. 400 మీటర్ల ట్రాక్ మీద 3000 అంటే ఏడున్నర చుట్లు. హనుమకొండలోనో గచ్చిబౌలిలోనో సింథటిక్ ట్రాక్ మీద అయితే లెక్క తేలికే. మండల, జిల్లా మీట్లు చాలావరకు మట్టి గ్రౌండ్‌లో సున్నం గీతల మధ్య జరుగుతాయి. గ్రౌండ్ చిన్నదైతే 200 మీటర్ల ట్రాకే గీస్తారు. అప్పుడు పదిహేను చుట్లు. ముందున్నవాళ్లు వెనకవాళ్లను చుట్టేసి దాటుతుంటారు, పదో చుట్టు దగ్గరకొచ్చేసరికి ఎవరు ఎన్నోదాంట్లో ఉన్నారో జడ్జీకే అర్థం కాదు. ఒక చుట్టు తక్కువ పరిగెత్తిన పిల్ల ముందుగా గీత దాటి ఫస్ట్ అయిపోయిన సందర్భాలు ఉన్నాయి.

అందుకని మీ వైపు నుంచి ఒక మనిషి ఉండాలి. అరవడానికి వేరేవాళ్లు ఉంటారు. ఈయన పని ఒక్కటే, కాగితం మీద చుట్టు చుట్టుకూ గీత పెట్టి, పక్కనే వాచీలో టైము రాయడం. గీతల పక్కన టైములు ఉంటే ఆ కాగితానికి విలువ వస్తుంది. నాలుగో చుట్టు 1:28, అయిదోది 1:30 అని వరుసగా ఉండి ఆరోది మాత్రం లేదంటే ఎక్కడ తప్పిందో కనిపెట్టొచ్చు.

ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయాలి. మొదలు నుంచి చివరి దాకా ఆపకుండా, ఫినిష్ లైన్ కనపడేలా ఒకే చోట నిలబడి తీయాలి. పిల్ల వెంట పరిగెడుతూ తీసిన వీడియో స్టేటస్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది, ఫిర్యాదుకు పనికిరాదు.

చెస్ట్ నంబరు ముందు వైపు నాలుగు మూలలా పిన్నులు పెట్టాలి. ఒకసారి వానలో జరిగిన మీట్‌లో మా అమ్మాయి నంబరు సగం మడతపడింది. 214ను 241గా రాసేసుకున్నారు. 241 ఎవరో పాపం, ఆ రోజు అసలు గ్రౌండ్‌కే రాలేదు. ఫలితాల్లో మాత్రం సెకండ్ వచ్చింది.

టైము విషయంలో తెలిసి ఉండాల్సిన లెక్క కొంచెం ఉంది. స్టాప్‌వాచ్‌తో తీసిన టైమును పదో వంతు సెకనుకు పై వైపే సవరిస్తారు. వాచీలో 10:52.31 పడితే రాసేది 10:52.4. మూడు వాచీలు మూడు టైములు చూపిస్తే మధ్యది తీసుకుంటారు. రెండు ఒకటే చూపిస్తే అదే. రెండే వాచీలుండి తేడా వస్తే ఎక్కువ టైము ఉన్నది లెక్క. మీ ఫోన్‌లో 10:51 వచ్చిందని గొడవ పెట్టుకోకండి, మీ వేలు మీ పిల్ల వైపే ఉంటుంది.

4. పరుగు అయ్యాక అరగంట

ఈ అరగంటను చాలామంది ఫొటోలకూ కొబ్బరినీళ్లకూ ఖర్చు పెడతారు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ నియమాల ప్రకారం ఫలితం మీద అభ్యంతరం చెప్పాలంటే, ఫలితం అధికారికంగా ప్రకటించిన 30 నిమిషాల్లోపే చెప్పాలి. అథ్లెట్ తరఫున టీమ్ మేనేజర్ చెప్పవచ్చు. మన మీట్లలో ఈ నియమాన్ని ఒక్కోచోట ఒక్కోలా పాటిస్తారు, అయినా అరగంట దాటితే వినేవాళ్లు ఉండరనే అనుకోండి.

వరుస ఇది:

1. ముందు రిఫరీ దగ్గరకు వెళ్లి నోటితో చెప్పాలి. తల్లిదండ్రులు వద్దు, పీఈటీ గానీ జట్టు మేనేజర్ గానీ వెళ్లాలి.
2. చెప్పేది ఒక్క వాక్యంలో ఉండాలి: "17 ఏళ్లలోపు బాలికల 3000 మీటర్లు, చెస్ట్ నంబరు ఫలానా, ఒక చుట్టు తక్కువ లెక్కపెట్టారు."
3. చుట్ల కాగితం, వీడియో చూపించాలి.
4. రిఫరీ నిర్ణయం నచ్చకపోతే అప్పీలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలుకు కొంత డిపాజిట్ కట్టాల్సి ఉంటుంది, గెలిస్తే తిరిగి ఇస్తారు.
5. రాసిచ్చిన కాగితానికి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని, దాని మీద అందినట్టు సంతకం, టైము వేయించుకోవాలి.

గొంతు పెంచితే పని అవుతుందని ఎవరో నేర్పారు మనవాళ్లకు. నేను మీట్లలో జడ్జీగా కూర్చున్నప్పుడు గమనించింది చెబుతున్నాను. అరిచేవాళ్లను పక్కకు పంపిస్తాం, కాగితం తెచ్చినవాళ్లను కూర్చోబెడతాం.

5. ఆ సాయంత్రమే: రిజల్ట్ షీట్

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. మీ పాప గెలుపుకు మూలం రిజల్ట్ షీట్. పతకం, సర్టిఫికెట్, పేపర్లో వార్త అన్నీ దాని నుంచి వచ్చినవే. ఆఫీసులో కూర్చున్న మనిషికి పరుగు కనపడదు, షీట్ మీద వరుస కనపడుతుంది. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినట్టు ఇచ్చే ఫారంలోనే "మా ఆఫీసులో ఉన్న రికార్డుల ఆధారంగా ఇస్తున్నాం" అన్న అర్థంలో ఒక మాట ముద్రించి ఉంటుంది. ఆ రికార్డంటే ఈ షీటే.

గ్రౌండ్ వదిలి వచ్చేలోపు షీట్‌లో మీ వరుస చూసి ఫొటో తీసుకోండి. పేజీ మొత్తం పడాలి: పైన మీట్ పేరు, తేదీ, ఊరు, మధ్యలో విభాగం, అంశం, స్థానం, పేరు, స్కూలు లేదా జిల్లా, టైము, కింద సంతకాలు. మీ వరుస ఒక్కటే దగ్గరగా తీసిన ఫొటో ఎందుకూ పనికిరాదు.

పేరు తప్పుందా? అప్పుడే చెప్పండి. షీట్ పెన్నుతో ఉన్నంతసేపు దిద్దడం ఒక్క నిమిషం పని. అది టైపై, పై ఆఫీసుకు మెయిల్ అయిపోయాక అదే తప్పు మీ మూడు నెలలు తినేస్తుంది.

6. సర్టిఫికెట్ చేతికి వచ్చిన చోటే చదవండి

ఇక్కడ నా సొంత తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా బడి అమ్మాయి ఒక మీట్‌లో 3000 మీటర్లు గెలిచింది. సర్టిఫికెట్ నేనే తెచ్చాను, ప్రార్థన సమయంలో అందరి ముందు ఇప్పించాను, చప్పట్లు కొట్టించాను. రెండేళ్ల తర్వాత వాళ్ల నాన్న ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. "సార్, కౌంటర్‌లో ఇది 300 మీటర్లంటున్నారు." చూస్తే నిజమే, ఒక సున్నా తక్కువ. రాసినవాళ్లు చూడలేదు, సంతకం పెట్టినవాళ్లు చూడలేదు. అందరి ముందు పైకి ఎత్తి చూపించిన నేను కూడా చదవలేదు.

దిద్దించడానికి నాలుగు సార్లు జిల్లా కేంద్రానికి తిరిగాను. మీట్ జరిపిన కార్యదర్శి మారిపోయారు. కొత్తవారు "నా కాలంలోది కాదు" అన్నారు. చివరికి పాతవారి ఇంట్లో, అటక మీద ఉన్న ఫలితాల రిజిస్టర్‌లో అసలు వరుస దొరికింది. అది జిరాక్స్ తీయించి, పాతవారి సంతకం, కొత్తవారి సంతకం పెట్టించి తీసుకెళ్లేసరికి ఆ ఏడాది గడువు దాటిపోయింది.

కాబట్టి తీసుకున్న చోటే, కుర్చీలు తీసేలోపే, ఇవి చూడండి:

- పేరు: ప్రతి అక్షరం
- తండ్రి లేదా తల్లి పేరు
- పుట్టిన తేదీ, వయసు విభాగం
- స్కూలు పేరు, ఊరు, జిల్లా
- అంశం: 3000లో సున్నాలు లెక్కపెట్టండి
- స్థానం: అంకెతో, అక్షరాలతో
- పోటీ స్థాయి: 'జిల్లా'నా, 'రాష్ట్ర'నా స్పష్టంగా ఉందా
- మీట్ జరిగిన తేదీలు, స్థలం
- క్రమ సంఖ్య
- సంతకాలు, వాటి కింద హోదా, సీలు

'పాల్గొన్నారు' అనే సర్టిఫికెట్ వేరు, స్థానం రాసి ఇచ్చేది వేరు. రద్దీలో గెలిచినవాళ్లకు కూడా పాల్గొన్నది ఇచ్చేస్తుంటారు. ఖాళీలు వదిలేసి "మీరే రాసుకోండి" అంటే ఒప్పుకోకండి. మీ చేతిరాత, వాళ్ల సంతకం ఉన్న కాగితం ఏ పరిశీలనలోనూ నిలవదు.

7. ఫారం-2, ఫారం-4: అసలు గుర్తింపు ఇక్కడుంది

చాలామందికి తెలియనిది ఇదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా కోసం పెట్టిన నమూనా ఫారాలు ఉన్నాయి. మన రాష్ట్రాల నోటిఫికేషన్లలోనూ వీటినే అడుగుతుంటారు.

ఫారం-1 దేశం తరఫున అంతర్జాతీయ పోటీలో ఆడినవాళ్లకు, జాతీయ ఫెడరేషన్ ఇస్తుంది. ఫారం-2 రాష్ట్రం తరఫున జాతీయ పోటీలో ఆడినవాళ్లకు, రాష్ట్ర అసోసియేషన్ కార్యదర్శి ఇస్తారు. ఫారం-3 యూనివర్సిటీ జట్లకు. ఫారం-4 పాఠశాలల జాతీయ క్రీడల్లో రాష్ట్ర జట్టులో ఆడినవాళ్లకు, దాని మీద విద్యాశాఖ డైరెక్టరేట్‌లో బడి ఆటల బాధ్యత చూసే అధికారి సంతకం ఉండాలి.

జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. రాష్ట్రంలో ఫస్ట్ వచ్చినంత మాత్రాన ఈ ఫారాల్లో ఏదీ రాదు. రాష్ట్ర స్థాయిలో గెలవడం జాతీయ పోటీకి టికెట్. అక్కడికి వెళ్లి పరిగెత్తితేనే ఫారం. "స్టేట్ ఫస్ట్ కదా, నేషనల్స్‌కి అంత దూరం ఎందుకు, పరీక్షలున్నాయి" అని పిల్లను ఆపేసిన తల్లిదండ్రుల్ని నేను ముగ్గురు నలుగుర్ని చూశాను. పరీక్షల బాధ నాకూ అర్థమవుతుంది. అయితే ఏం వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

జాతీయ పోటీ నుంచి తిరిగి వచ్చిన నెలలోపే ఫారం కోసం దరఖాస్తు పెట్టండి. జత చేయాల్సినవి: జాతీయ మీట్ సర్టిఫికెట్ కాపీ, రాష్ట్ర జట్టులో ఎంపికైనట్టు జాబితా, జనన ధ్రువపత్రం, ఫొటో, ఫలితాల పేజీ. జట్టు మేనేజర్‌గా వచ్చిన ఉపాధ్యాయుడి పేరు, హోదా రాసిపెట్టుకోండి. ఎప్పుడైనా రికార్డు దొరకడం లేదంటే ముందు ఆయన్నే అడుగుతారు.

జాతీయ ఫెడరేషన్లు సర్టిఫికెట్లను డిజిలాకర్ ద్వారా ఇవ్వాలని కేంద్ర క్రీడాశాఖ 2023లో చెప్పింది. కాబట్టి అసోసియేషన్ దారిలో వెళ్లినవాళ్లు పిల్ల పేరు మీద డిజిలాకర్ ఖాతా తెరిచి, సర్టిఫికెట్ అందులోకి వచ్చిందో లేదో చూడండి. అది కనిపించాలంటే ఆధార్ పేరు కలవాలి. మళ్లీ రెండో మెట్టుకే వచ్చాం.

8. తప్పు దొర్లితే ఎవరి గుమ్మం తొక్కాలి?

అక్షర దోషం, తేదీ తప్పు: ఇచ్చిన సంస్థకే రాయాలి. హెచ్‌ఎం లెటర్, అడ్మిషన్ రిజిస్టర్ పేజీ కాపీ, ఎంట్రీ ఫారం ఫొటో జత చేయాలి. కొట్టివేసి పైన రాసి ఇస్తామంటే వద్దనండి. పాతది వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వమనండి. దిద్దినట్టు కనిపించే కాగితం అసలు తప్పుకంటే ఎక్కువ అనుమానం తెస్తుంది.

స్థానం గానీ అంశం గానీ తప్పు: రిజల్ట్ షీట్ ఫొటోతో వెళ్లాలి. అది లేకపోతే జిల్లా ఎస్‌జీఎఫ్ కార్యదర్శి దగ్గర, ఆపైన డీఈఓ ఆఫీసులో ఫలితాల నకలు కోసం రాతపూర్వకంగా అడగాలి. స్పందన లేకపోతే డీఈఓ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. మొదటి రోజే దీన్ని బయటకు తీయకండి, మర్యాదగా అడిగితే అయ్యే పని చాలా ఉంటుంది.

సర్టిఫికెట్ పోయింది: పోలీసు స్టేషన్‌లో పోయినట్టు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీ, పాత సర్టిఫికెట్ జిరాక్స్ జత చేసి డూప్లికేట్ అడగాలి. క్రమ సంఖ్య మీ దగ్గర రాసి ఉంటే సగం పని అయినట్టే.

ఇచ్చిన అధికారి మారిపోయారు: మనిషి మారినా హోదా మారదు. ప్రస్తుతం ఆ హోదాలో ఉన్నవారికే దరఖాస్తు రాయండి. పాతవారి నుంచి ఒక ధ్రువీకరణ లెటర్ తెస్తే కొత్తవారికి ధైర్యం వస్తుంది.

9. ఎక్కడ, ఎప్పుడు చూపించాలి?

హైస్కూల్ పిల్లలకు అన్నిటికంటే ముందు వచ్చేది ఆర్‌జీయూకేటీ, అంటే ట్రిపుల్ ఐటీల ప్రవేశం. పదో తరగతి కాగానే ఉంటుంది కాబట్టి తొమ్మిదో తరగతి గెలుపు కూడా ఇక్కడ అక్కరకు వస్తుంది. తర్వాత ఇంజినీరింగ్ ప్రవేశాలు. రెండింట్లోనూ క్రీడా కోటా అర శాతమే. వెయ్యి సీట్లకు అయిదు. ఇంత సన్నని తలుపు దగ్గర కాగితంలో చిన్న తేడా ఉన్నా వెనక్కి పంపుతారు.

దరఖాస్తులో 'స్పోర్ట్స్' అన్న గడిలో టిక్ పెట్టడం మర్చిపోయేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. తర్వాత ఎన్ని పతకాలు చూపించినా అప్పుడు చేయగలిగింది తక్కువ. టిక్ పెట్టాక క్రీడా సర్టిఫికెట్ల పరిశీలన వేరుగా జరుగుతుంది, ఆ తేదీకి ఒరిజినళ్లు తీసుకెళ్లాలి. పరిశీలించేది రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ.

చదువులో బాగా ముందున్న పిల్లలకు ఇంకో దారి ఉంది. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ప్రతి బీటెక్ విభాగంలో క్రీడాకారులకు రెండేసి అదనపు సీట్లు పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసవ్వాలి, గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయి పతకం ఉండాలి. ఆ 'నాలుగేళ్లు' చూడండి. ఎనిమిదో తరగతిలో తెచ్చిన పతకం ఇంటర్ అయ్యేసరికి అంచుకు వచ్చేస్తుంది. ఇలాంటి కాలపరిమితి చాలా నోటిఫికేషన్లలో ఉంటుంది కనుక ప్రతి సర్టిఫికెట్ మీద తేదీ స్పష్టంగా ఉండాలి.

ఉద్యోగాలు ఇంకా దూరం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 74 ప్రతిభ గల క్రీడాకారులకు ప్రభుత్వ నియామకాల్లో 2 శాతం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024-29 క్రీడా విధానంలో దాన్ని 3 శాతం చేశారు. పదిహేనేళ్ల పిల్లకు ఇవాళ ఉద్యోగం గురించి టెన్షన్ వద్దు, ఇవాళ్టి కాగితం మాత్రం అప్పటిదాకా నిలవాలి.

సన్మానాల మాట కూడా అడుగుతుంటారు. కలెక్టర్ గారి చేత, ఎమ్మెల్యే గారి చేత శాలువా కప్పించాలంటే తెలంగాణలో జిల్లా యువజన, క్రీడల అధికారిని, ఆంధ్రలో జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని హెచ్‌ఎం లెటర్‌తో కలవండి. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవానికి మూడు నాలుగు వారాల ముందు వెళ్తే జాబితాలో పేరు ఎక్కే వీలుంటుంది. పిల్లకు సంతోషం, ఊరికి సంతోషం. శాలువాను మాత్రం ఎవరూ వెరిఫికేషన్ కౌంటర్‌లో అడగరు.

10. ఫైలు

ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి కొనండి. ఒక్కో మీట్‌కు ఒక కవరు: సర్టిఫికెట్, ఎంట్రీ ఫారం కాపీ, రిజల్ట్ షీట్ ప్రింటు, పేపర్ కటింగ్. పేపర్ కటింగ్ సాక్ష్యం కాదు గానీ, రికార్డు దొరకనప్పుడు ఏ తేదీన ఎక్కడ వెతకాలో అది చెబుతుంది. మొదటి పేజీలో చేత్తో ఒక పట్టిక రాసుకోండి: తేదీ, మీట్, స్థలం, అంశం, స్థానం, టైము, సర్టిఫికెట్ క్రమ సంఖ్య, సంతకం చేసినవారి హోదా. అన్నిటినీ స్కాన్ చేసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించకండి. ముద్దుగా ఉంటుందని చేయిస్తారు, తర్వాత ఏ అధికారైనా వెనక వైపు ధ్రువీకరించి సీలు వేయాలంటే ఆ ప్లాస్టిక్ మీద సిరా నిలవదు.